తనాకాలు, కొత్తపల్లి వాళ్లు

కాలేజీలో పనిచేసి రిటైరయ్యానంటే అందరూ నేను పాఠాలు చెప్పాననుకుంటారు. నాది పాఠాల ఉద్యోగం కాదు, పేర్ల ఉద్యోగం. కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో, కేంబ్రిడ్జ్ అనే ఊరి దగ్గర ఒక కాలేజీలో, స్టూడెంట్ రికార్డ్స్ ఆఫీసులో పంతొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఎవరు చేరారు, ఎవరు మానేశారు, ఎవరు సెలవులో ఉన్నారు, ఎవరి అడ్రసు మారింది, ఇవన్నీ చూసుకోవడమే మా పని.

ఈ మధ్య మనవాళ్ల పిల్లలు ఇద్దరు ఇలాంటి ఆఫీసుల్లోనే ఉద్యోగాలకు చేరారు. "రాజ్యలక్ష్మి ఆంటీ, టిప్స్ ఏమైనా చెప్పండి" అని అడిగారు. కంప్యూటర్‌లో ఎక్కడ నొక్కాలో మీకు ఆఫీసువాళ్లే నేర్పిస్తారు, దానికి నేనెందుకు? నేను చెప్పదలచుకున్నది నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి. ఒకమ్మాయి చదువు, ఈ దేశంలో ఉండే హక్కు, రెండూ నా మూలంగా పోబోయాయి. మంచి ఉద్దేశంతోనే చేశానని ముందే చెబుతున్నాను. దాని వల్ల తప్పు చిన్నదైపోదు.

మా బాసు

మా ఆఫీసు పెద్ద కెన్ తనాకా గారు. మనిషి సన్నగా, జుట్టంతా నెరిసి, ఎప్పుడూ ఒకే రకం బూడిదరంగు స్వెటర్‌లో ఉండేవారు. రోజూ మధ్యాహ్నం ఒక యాపిల్‌ని చిన్న చాకుతో ముక్కలు కోసుకుని, ఒక ముక్క నాకిచ్చి, మిగతావి ఆయన తినేవారు. "కెన్ అని పిలు" అని వందసార్లు చెప్పి ఉంటారు. బాసుని, అందులోనూ నాకంటే పెద్దవాడిని, పేరు పెట్టి పిలవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఇంట్లో ఇప్పటికీ తనాకా గారనే అంటాను.

ఆయన ఎప్పుడూ గట్టిగా తిట్టరు. తిడితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. ఏ ఫైలు ముట్టుకున్నా ముందు విద్యార్థి నంబరు చూడాలి, తర్వాత పుట్టినరోజు, అన్నిటికన్నా చివర పేరు. అది ఆయన పద్ధతి. నేను అది ముసలివాళ్ల చాదస్తం అనుకునేదాన్ని.

నేను చేరిన మొదటి సంవత్సరమే ఒక ఘనకార్యం చేశాను. జపాన్ నుంచి, ఒసాకా నుంచి ఒకమ్మాయి ఎక్స్చేంజి మీద వచ్చింది. ఫారం మీద చూస్తే ఇంటిపేరు తనాకా. నాకు పట్టరాని ఆనందం. పరాయిదేశంలో పిల్లకి సొంతవాళ్లు దొరికారు కదా అని ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని బాసు గదిలోకి తీసుకెళ్లి, "మీ వాళ్లు వచ్చారు" అన్నాను. ఆ పిల్ల కంగారుగా వంగి నమస్కారం పెట్టింది. ఆయన కుర్చీలోంచి సగం లేచి ప్రతినమస్కారం పెట్టారు. ఆపైన ఇద్దరూ నా వంక చూశారు.

అమ్మాయి వెళ్లిపోయాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. తర్వాత కూర్చోబెట్టి చెప్పారు.

"రాజీ, నూట యాభై ఏళ్ల కిందట మా రైతుల్లో చాలామందికి ఇంటిపేరు వాడుకునే హక్కే లేదు. ఉన్నట్టుండి సర్కారు వాళ్లు అందరూ ఒక ఇంటిపేరు రాయించుకోవాల్సిందేనన్నారు. ఏం రాయిస్తారు? చుట్టూ ఏం కనబడితే అది. వంతెన దగ్గరుంటే వంతెన, కొండ కిందుంటే కొండ. మా వాళ్ల ఇల్లు వరిపొలాల మధ్యలో ఉంది. తనాకా అంటే అంతే, పొలం నడుమ. దేశమంతా వరిపొలాలే కదా, నడుమ ఎన్ని ఇళ్లుంటాయో నువ్వే చెప్పు."

ఇప్పటికీ జపాన్‌లో ఎక్కువగా వినబడే పేర్లలో అదొకటట. ఆయన ఒకసారి టోక్యో వెళ్లి పంటినొప్పితో డాక్టరు దగ్గర కూర్చుంటే, నర్సు బయటికొచ్చి "తనాకా గారూ" అని పిలిచిందట. నలుగురు లేచి నిలబడ్డారు. ఆయన చదువుకున్న ఒంటారియో స్కూల్లో మాత్రం తనాకా అంటే ఆయనొక్కరే. "అక్కడ నేను జనంలో ఒకణ్ని, ఇక్కడ నేనొక్కణ్నే జనం" అని నవ్వారు.

నేను ఊరుకోవాలా? మా గొప్ప చెప్పాను. "మాకు అలా కాదు. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల లెక్క. పెళ్లి సంబంధాలు కూడా కలుపుకోరు."

"ఎప్పుడూనా?" అని అడిగారు.

"ఎప్పుడూ" అన్నాను.

అది నిజం కాదని నాకూ తెలుసు. మా బాపట్లలోనే ఒకే ఇంటిపేరుతో మూడు కులాల వాళ్లుండేవారు, ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు కూడా తాగని రోజుల్లో. మన ఇంటిపేర్లు కూడా సగం ఊళ్ల పేర్లే. ఏ ఊరినుంచి వలస వచ్చారో ఆ ఊరు వెంటబడి వస్తుంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన అని ఊరికే అన్నారా? కానీ పరాయివాళ్ల ముందు మన సంగతి చెప్పేటప్పుడు కాస్త ఇస్త్రీ చేసి చెబుతాం.

పిల్లలు వెల్లువలా వచ్చిన ఏళ్లు

నా ఉద్యోగం చివరి నాలుగైదేళ్లలో మన పిల్లలు వెల్లువలా వచ్చారు. సెప్టెంబరులో మా కౌంటర్ ముందు లైను కారిడార్ దాటి, కాఫీ కొట్టు దాటి, పార్కింగ్‌లోకి వెళ్లేది. నల్లగొండ, కర్నూలు, భీమవరం, శ్రీకాకుళం, అన్ని యాసలూ ఆ లైన్లో వినబడేవి. అద్దం వెనక ఒక తెలుగు ముఖం కనబడేసరికి వాళ్ల మొహాలు వెలిగిపోయేవి. "హమ్మయ్య, ఆంటీ మనవాళ్లే" అని గుసగుసలాడుకునేవారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాటంటే ప్రాణం లేచొచ్చేది. ఆ ఏళ్లలో చేసినంత చాకిరీ ఎప్పుడూ చెయ్యలేదు, అంత ఇష్టంగానూ ఎప్పుడూ చెయ్యలేదు.

ఒక మాట మాత్రం నిర్మొహమాటంగా చెప్పాలి. వచ్చిన వాళ్లందరినీ చేర్చుకున్నారు గానీ, వాళ్లని చూసుకోవడానికి మనుషుల్ని పెంచలేదు. ముగ్గురం చేసే పనికి ముగ్గురమే ఉన్నాం, ఫైళ్లు మాత్రం మూడింతలయ్యాయి. పిల్లలు ఎక్కడ చవగ్గా వస్తే అక్కడ సిమ్ తీసుకుంటారు, నంబరు మారుతుంది, మాకు చెప్పరు. బేస్‌మెంట్ నుంచి బేస్‌మెంట్‌కి అద్దెకి మారతారు, అదీ చెప్పరు. కాలేజీ ఈమెయిల్ తెరిచి చూడరు. క్లాసుకు రాని వాళ్ల జాబితా తయారుచేసి, ఒక్కొక్కరికీ ఫోన్లు చేసి, కారణం కనుక్కోవడం మా పని. జవాబు రాకపోతే గడువు రోజున పేరు తీసేస్తారు. పేరు తీసేస్తే కాలేజీ ఆ విషయం ఇమ్మిగ్రేషన్ శాఖకి తెలియజేస్తుంది, ఇక్కడ ఉండి చదువుకోవడానికిచ్చే స్టడీ పర్మిట్‌కి ఎసరొస్తుంది.

సరే ఆంటీ

ఆ జాబితాలో కొత్తపల్లి అనూష అని ఒకమ్మాయి ఉంది. రెండో సెమిస్టరు. మూడు వారాలుగా క్లాసుల్లో లేదు. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. రెండు ఈమెయిళ్లకూ జవాబు లేదు. శుక్రవారం నాలుగు గంటల్లోగా సెలవు ఫారం సంతకంతో, కారణం చూపే కాగితంతో రాకపోతే పేరు పోతుంది.

బుధవారం పొద్దున కౌంటర్ దగ్గరికి ఒక కుర్రాడు బస్ పాస్ కోసం ఉత్తరం అడగడానికొచ్చాడు. ఐడీ కార్డు చూస్తే కొత్తపల్లి సాయికిరణ్. అదే కోర్సు, అదే బ్యాచ్, సెక్షన్ మాత్రం వేరు. వయసులో ఒక ఏడాది చిన్న. నా బుర్రలో దీపం వెలిగింది. అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "మీదే ఊరు నాయనా?" అని అడిగినా సరిపోయేది. మన దేశంలో అయితే ఊరడిగి, గోత్రమడిగి, చివరికి కులం దగ్గర తేలేవాళ్లం. ఇక్కడ అవన్నీ అడగకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. అడగడం మానేశాను గానీ అనుకోవడం మానలేదు.

గొంతు తగ్గించి, "నాయనా, మీ అక్కకి చెప్పు. శుక్రవారం నాలుగింటిలోగా సెలవు ఫారం ఇవ్వకపోతే పేరు తీసేస్తారు. తర్వాత నేనేం చెయ్యలేను" అని ఫారం అతని చేతిలో పెట్టాను.

ఆ కుర్రాడు ఫారం వంక, నా వంక చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి చూశాడు. వెనక లైన్లో ఇరవైమంది ఉన్నారు.

"సరే ఆంటీ" అన్నాడు.

మన పిల్లలు పెద్దవాళ్లతో అనే సరే ఎన్ని రకాలో నాకు తెలియనిదా? అయినా నేను దాన్ని ఒప్పుకోలు కిందే తీసుకున్నాను. అనూష పేరు పక్కన "కుటుంబానికి తెలియజేశాం" అని రాసి, ఫోన్ చెయ్యాల్సిన జాబితాలోంచి తీసేశాను. అసలు తప్పు అదీ. నేను అలా రాశాక ఆ పిల్ల కోసం మా ఆఫీసులో ఇంకెవరూ వెతకలేదు.

శుక్రవారం

శుక్రవారం పదిన్నరకి తనాకా గారు జాబితా పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఇక్కడ కుటుంబం అంటే ఎవరు?"

"తమ్ముడు. మన దగ్గరే చదువుతున్నాడు."

"తమ్ముడని ఎవరు చెప్పారు?"

"ఇంటిపేరు ఒకటే."

ఆయన నా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రాజీ, పొలాల మధ్య ఇళ్ల కథ చెప్పానే, అది ఎవరి గురించి అనుకున్నావు?"

"మీ గురించి" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"ఒకవేళ తమ్ముడే అనుకుందాం. ఆ అమ్మాయి మేజరు. ఆమె ఒప్పుకోకుండా ఆమె విషయం తమ్ముడికి చెప్పే అధికారం నీకెక్కడిది?"

మన ఇళ్లల్లో అక్క సంగతి తమ్ముడికి చెప్పడానికి అధికారం కావాలని ఎవరైనా అనుకుంటారా? ఆయన వాచీ చూసి, "ఇంకా ఐదున్నర గంటలుంది. ఫోన్ చెయ్యి" అన్నారు.

సాయికిరణ్ నంబరు పనిచేసింది. వెనక కారు చప్పుడు వినబడుతోంది.

"బాబూ, కాలేజీ నుంచి ఆంటీని. ఆ అనూష మీ అక్కేనా?"

"కాదాంటీ. ఆవిడది వరంగల్ వైపు. మాది శ్రీకాకుళం."

"మరి మొన్న చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదాంటీ. చెప్పమన్నారు, చెప్పడానికెళ్లాను. ఇప్పుడు లండన్లో ఉన్నాను. హాస్పిటల్ దగ్గర."

లండన్ అంటే ఇంగ్లండులోది కాదు, మా ఒంటారియోలోనే గంటకు పైగా దూరంలో ఉన్న ఊరు. జరిగిందేమిటంటే, కౌంటర్ దగ్గర పెద్దావిడ మాట కాదనలేక ఫారం తీసుకున్నాడు. బయటికొచ్చాక, తిరిగి లోపలికెళ్లి "నాకెవరో తెలీదు" అని చెబుదామనుకున్నాడు. లైను చూసి, షిఫ్టుకి టైమైందని వెళ్లిపోయాడు. గోదాములో పెట్టెలు ఎత్తుతున్నంతసేపూ, ఈ ఫారం తన దగ్గరుంటే ఆ అమ్మాయికి ఇంకెవరు చెబుతారని పీకుతూనే ఉందట. సాయంత్రం మన పిల్లల వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టాడు: కొత్తపల్లి అనూష ఎవరికైనా తెలుసా, శుక్రవారం కాలేజీలో పేరు తీసేస్తారు.

గురువారం మధ్యాహ్నానికి ఆచూకీ దొరికింది. అనూష స్నేహితురాలి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్ పగిలి, ఆపరేషన్ చేసి, చీము పట్టి, మూడు వారాలుగా అక్కడే హాస్పిటల్లో ఉంది. కాలేజీకి సెలవు కాగితం పెట్టాలన్న ధ్యాస గానీ ఓపిక గానీ ఆ పిల్లకి లేవు. సాయికిరణ్ తన శుక్రవారం షిఫ్టు వదులుకుని, రూమ్మేట్ కారులో బయల్దేరాడు.

మధ్యాహ్నం మూడున్నరకి సంతకం పెట్టిన ఫారం, డాక్టరు ఉత్తరం మా కౌంటర్ మీదికి వచ్చాయి. కుర్రాడు పొద్దుటి నుంచి ఏమీ తినలేదని మొహం చూస్తేనే తెలిసింది. తనాకా గారు కాగితాలు అందుకుని, విద్యార్థి నంబరు చూసి, పుట్టినరోజు చూసి, పేరు చూసి సంతకం పెట్టారు. అనూష పేరు నిలబడింది.

ఇక్కడ ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. కానీ ఆ వాట్సాప్ మెసేజీ లండన్‌కి చేరకముందే వరంగల్ చేరింది. అనూష తండ్రికి గుండె ఆపరేషనై రెండు నెలలే అయింది. అందుకే ఆ పిల్ల మూడు వారాలూ హాస్పిటల్ మంచం మీంచి రోజూ ఫోన్ చేసి, "క్లాసుకు పోతున్న నాన్నా" అని చెబుతూ వచ్చింది. ఎవరో చుట్టం ఆ మెసేజీ ఆయనకే చూపించి, "మీ బిడ్డను కాలేజీల కెల్లి తీసేస్తున్నరట, ఏడికి పోయింది?" అని అడిగాడు. ఆయన రెండు రోజులు మళ్లీ హాస్పిటల్లో ఉండాల్సి వచ్చింది. బతికి బయటపడ్డారు, దేవుడి దయ. ఆ రెండు రోజులూ నేను అన్నం ముందు కూర్చున్నానే గానీ తిన్నది లేదు.

కథలో మిగతా సగం

జరిగినదంతా కాగితం మీద పెట్టమన్నారు తనాకా గారు. నేను రాసిన మొదటి కాగితంలో పని ఒత్తిడి, మనుషులు చాలకపోవడం, పాత ఫోన్ నంబర్లు, అన్నీ ఉన్నాయి. ఆయన ఎర్రపెన్నుతో వాటన్నిటినీ కొట్టేసి, ఒక్క వాక్యం ఉంచారు. ఇంటిపేరు ఒకటే కనక బంధువులనుకుని, ఒక విద్యార్థిని విషయం ఇంకొకరికి చెప్పాను, అని. దాని కింద నా సంతకం, నా సంతకం కింద ఆయన సంతకం. రిటైర్‌మెంట్‌కి ఆరు నెలలున్న మనిషి. ఆయన సంతకం పెట్టాల్సిన అవసరమే లేదు, నేనూ అదే అన్నాను. "నువ్వు నా ఆఫీసులో కూర్చుని చేశావు కదా" అన్నారు.

ఆ రోజు యాపిల్ కోస్తూ, పేరు కథలో అంతకుముందు చెప్పని భాగం చెప్పారు. ఆయన తండ్రి కెనడాలోనే పుట్టారు, పడమటి తీరంలో. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ కెనడాకి శత్రుదేశమైనప్పుడు ఏడేళ్లవాడు. తీరంలో ఉన్న జపాన్ వాళ్లందరినీ ఇళ్లూ పడవలూ వదిలించి రైళ్లెక్కించి లోపలికి పంపేశారు. ఎవరేం చేశారని ఎవరూ అడగలేదు. ఆ వీధిలో అలాంటి పేరున్న ఇల్లయితే చాలు. యుద్ధం ముగిశాక కూడా వెనక్కి వెళ్లనివ్వలేదు, అందుకే ఒంటారియో వచ్చి పడ్డారు.

"మా నాన్నని ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదని మా నాయనమ్మ అంటూ ఉండేది. ఏడేళ్లవాడు ఏం చెప్పేవాడో మరి" అని నా ముక్క నాకిచ్చారు.

నేను చేసినదీ, అప్పటి సర్కారు చేసినదీ ఒకటని ఆయన అనలేదు. నేనూ అనను. వాళ్లు పేరు చూసి శత్రువనుకున్నారు, నేను పేరు చూసి చుట్టమనుకున్నాను. రెండు చోట్లా మనిషిని అడగలేదన్న సంగతి మాత్రం నిజం. పిల్లలూ, మీ కౌంటర్ ముందుకు మన ఊరి పేరున్న పిల్లాడొస్తే సంతోషించండి, నేనూ సంతోషించాను. ఫైలు తెరిచే ముందు మాత్రం అడగండి. ముందు నంబరు, తర్వాత పుట్టినరోజు, చివర పేరు. అది చాదస్తం కాదని తెలుసుకోవడానికి నాకు పదహారేళ్లు పట్టింది.

తర్వాతి సెప్టెంబరు

అనూష సెప్టెంబరులో తిరిగొచ్చింది. బాగా చిక్కిపోయింది. కౌంటర్ దగ్గరికి రాగానే నేను లేచి నిలబడి, "తప్పు నాదేనమ్మా. క్షమించు" అన్నాను. అంతకుముందే ఉత్తరం రాశాను, కానీ మొహం చూసి చెప్పడం వేరు.

ఆ పిల్ల మెల్లిగా, "మా నాన్నకి ఏమైనా అయ్యుంటే ఏం జేసేటోళ్లు ఆంటీ?" అని అడిగింది. నేను తల దించుకున్నాను. ఫర్వాలేదు అని ఆ పిల్ల అంటుందేమోనని చూశాను. అనలేదు. అనకపోవడమే సబబు.

ఆమె వచ్చింది అత్యవసర సమయంలో ఎవరికి చెప్పాలో ఆ పేరు మార్చుకోవడానికి. అంతకుముందు అక్కడ తండ్రి పేరుంది. దాన్ని కొట్టేసి కొత్తపల్లి సాయికిరణ్ అని రాసింది. పక్కన సంబంధం అనే గడి ఉంటుంది. పెన్ను అక్కడికి వచ్చేసరికి నేను నా మొహంలో ఏమీ కనబడకుండా ఉండడానికి చాలా ప్రయత్నించాను. తమ్ముడని రాస్తుందని ఎదురుచూస్తున్నాను. రాస్తే నా తప్పు కాస్తయినా తీరినట్టు ఉంటుందని ఆశ.

స్నేహితుడు అని రాసింది.

నా వంక చూసి, మొదటిసారి కొంచెం నవ్వింది. "తమ్ముడని రాస్తననుకున్నరు గదా?"

"అనుకున్నానమ్మా."

"తమ్ముడైతే రావాల్సిందే ఆంటీ. రాకుంటే ఇంట్ల తంతరు. ఈయన రాకున్నా ఎవ్వరేమనరు. అయినా వచ్చిండు."

ఫారం నా చేతికిచ్చింది. నేను నంబరు చూసి, పుట్టినరోజు చూసి, పేరు చూసి, దేన్నీ దిద్దకుండా లోపలికి తీసుకున్నాను.